నిప్పురవ్వకూ ముహూర్తమున్నది!

పెండ్లికి ముహూర్తం కాస్త దాటితే పురోహితుడు ఏదో సర్దిచెబుతాడు. కారు ఇంజనులో నిప్పురవ్వకు ముహూర్తం తప్పితే సర్దిచెప్పే నాథుడు లేడు. తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికే నాకు ఈ సంగతి మా నాన్నగారి అంబాసిడరు నేర్పింది.

ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా మెదకులో మా వాకిట ఒకటి వున్నది. అమ్మను కంటి వైద్యానికి హైదరాబాదు తీసుకువెళ్ళేది అందులోనే. ఆమధ్య నర్సాపూర్ అడవి దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను కటకటమని కొట్టుకోసాగింది. "అమ్మేయరాదూ!" అన్నది మా ఇంటావిడ. అమ్మ మాత్రం మాట్లాడలేదు.

పాత కార్లలో రవ్వను పుట్టించేవి డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు. తిరిగే ఇరుసు వాటిని తెరిచినప్పుడల్లా ప్లగ్గులో రవ్వ పుడుతుంది. పాయింట్ల నడుమ సందు అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు! ఇరుసుకు రాసుకొనే మడమ అరిగేకొద్దీ సందు తగ్గి, రవ్వ ఆలస్యమవుతుంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఈ రాపిడి లేదు. ఇరుసుమీది అయస్కాంతం దగ్గరకు రాగానే చిన్న పరికరం గ్రహించి రవ్వను పుట్టిస్తుంది. ఇంకేం, మన కష్టాలు గట్టెక్కాయని ఆ డబ్బా కొని పెట్టించాను. కటకట మాత్రం పోలేదు!

కారణమేమిటి? పెట్రోలు ఆవిరి అంటుకొని మండడానికి కొంత వ్యవధి కావాలి. అందుచేత పిస్టను పైకి చేరకముందే రవ్వ పడాలి. వేగం పెరిగేకొద్దీ ఇంకా ముందుగా పడాలి. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజనులో సెకనుకు 100 రవ్వలు! అప్పుడు ఒక డిగ్రీ తేడా అంటే సెకనులో 18,000వ వంతు. రవ్వ ఆలస్యమైతే బలం తగ్గి, ఇంజను వేడెక్కుతుంది; తొందరపడితే కటకట పుట్టి, చివరకు పిస్టనుకే ముప్పు.

వేగాన్నిబట్టి రవ్వను ముందుకు జరిపేవి డిస్ట్రిబ్యూటరు అడుగున వుండే రెండు చిన్న బరువులు, వాటిని పట్టి వుంచే రెండు స్ప్రింగులు. మా వూరి మెకానిక్కు టైమింగు దీపం పట్టి చూశాడు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు గుర్తు సరిగానే వున్నది. కాస్త వేగం పెంచగానే హద్దుమీరి ముందుకు దూకింది.

"డబ్బ కొత్తదే సార్. కింద స్ప్రింగులు పాతవేనాయె!" అన్నాడు నవ్వుతూ.

స్ప్రింగులు సాగిపోయాయన్నమాట. ఎలక్ట్రానిక్ డబ్బా ఇరుసు చెప్పిన వేళను తు.చ. తప్పక పాటిస్తుంది, ఇరుసే తప్పు వేళ చెబితే ఆ తప్పునూ అంతే శ్రద్ధగా పాటిస్తుంది! కనుక పాతకారుకు కొత్త డబ్బా పెట్టించేవారు అడుగునున్న బరువులూ, స్ప్రింగులూ చూపించుకోవాలి. టైమింగు నిదానంలోనే కాదు, వేగంలోనూ దీపంతో సరిచూపించాలి.

స్ప్రింగులు మార్పించాను. మరుసటి ప్రయాణంలో నర్సాపూర్ ఎత్తు వచ్చింది, దాటింది. వెనక్కు తిరిగి చూస్తే అమ్మ హాయిగా నిద్రపోతున్నది. కారు అమ్మే మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.