పాత స్నేహం, పసుపు పాలు, ఆగని దగ్గు

వంటింటిని మించిన వైద్యశాల లేదని మన పెద్దలు చెప్పేవారు. ఆ మాటను నేను నేటికీ నమ్ముతాను. అయితే ఆ వైద్యశాలకూ ఒక గడప ఉందనీ, దానిని దాటవలసిన వేళ ఒకటి వస్తుందనీ నాకు నేర్పినది ఒక పాత స్నేహం.

మేము ముగ్గురం జగిత్యాలలో ఒకే బడిలో చదువుకున్నాం. పెళ్ళిళ్ళయ్యాక ఒకామె కోరుట్లకు, మరొకామె సిరిసిల్లకు కాపురానికి వెళ్ళారు. నేను పుట్టిన ఊళ్ళోనే ఉండిపోయాను. అప్పట్లో మూడు ఊళ్ళూ కరీంనగర్ జిల్లాలోనివే. 2016లో జగిత్యాల, సిరిసిల్ల వేర్వేరు జిల్లా కేంద్రాలయ్యాయి. జిల్లాలు వేరైనా మా మాటలు మాత్రం ఆగలేదు.

కోరుట్ల ప్రాంతం పసుపుకు పేరుపడ్డది. కొమ్ములను తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి నిజామాబాద్ మార్కెట్టుకు తీసుకువెళతారు. అక్కడి స్నేహితురాలు ఏటా ఇంటి పసుపును మా ఇద్దరికీ పంపుతుంది. సిరిసిల్ల మరమగ్గాల ఊరు. అక్కడి స్నేహితురాలి ఇంట మగ్గాల చప్పుడు, నూలు దుమ్ము నిత్యమూ ఉండేవే.

కొన్నేళ్ళ క్రితం, చలికాలం మొదట్లో, దగ్గు పట్టుకున్నదని సిరిసిల్ల నుండి ఆమె ఫోను చేసింది. పసుపు పాలు తాగమన్నాను. వారం గడిచాక మిరియాల కషాయం, ఆపైన తేనెతో అల్లం రసం చెప్పాను. ఆమె నా మాటను తు.చ. తప్పక పాటించింది. గొంతుకు హాయిగా ఉన్నదనేది. ఆ హాయినే నేను రోగం నయం కావడంగా భావించాను.

సంక్రాంతికి వారం ముందు సకినాలు చేయడానికి ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. తడి బియ్యపు పిండిలో నువ్వులు, వాము కలిపి, బట్టపై చుట్లు చుడుతూ కూర్చున్నాం. సిరిసిల్ల ఆమె ఒక్క సకినం చుట్టేలోగా రెండుమార్లు దగ్గింది. చేయి ఎత్తినప్పుడు గాజులు మోచేతి దాకా జారాయి.

"ఏందే, గిట్ల సన్నబడ్డవ్? ఇంట్ల ఎవ్వరు చూస్తలేరా?" అన్నది కోరుట్ల స్నేహితురాలు.

"రోజు చూసేటోళ్ళకు ఏం తెలుస్తదే! పని ఎక్కువైందనుకున్న."

అడుగగా ఒక్కొక్కటే బయటపడింది. సాయంకాలం ఒళ్ళు వెచ్చబడడం, రాత్రి చెమటలు, ఆకలి మందగించడం. లెక్కవేస్తే దగ్గు మొదలై ఆరు వారాలైంది. ఫోనులో నాకు వినిపించింది గొంతు ఒక్కటే. ఆ చిక్కిన చేయి కనిపించలేదు.

మరునాడే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. కఫ పరీక్షలో క్షయ అని తేలింది. "ఇంట్ల తెలిస్తే నా కంచం వేరు చేస్తరేమో" అన్నదే ఆమె మొదటి మాట. క్షయ గాలి ద్వారా సోకుతుందే తప్ప కంచం, గ్లాసుల వల్ల కాదని వైద్యురాలు ఇంటివారికి వివరించి, వారికీ పరీక్షలు చేయించారు. ఆరు నెలల మందులు ఉచితంగా ఇచ్చారు. ఒక్క పూటా తప్పకుండా వాడిన మా స్నేహితురాలు ఆ ఏటి బతుకమ్మ నాటికి పూర్వపు బరువుకు వచ్చింది.

పసుపు పాలు ఎంతవరకు?

పసుపు తక్కువది కాదు. చరక సంహిత దానిని విషఘ్న ద్రవ్యాలలో చేర్చింది. గాయాలకు పసుపు వాడకంపై అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటును మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సవాలు చేయగా 1997లో రద్దు చేశారు. అంతటి పసుపైనా క్షయ క్రిమిని వెళ్ళగొట్టలేదు.

జలుబుతో వచ్చే సాధారణ దగ్గుకు ఒక గ్లాసు పాలలో పావు చెంచా పసుపు, రెండు మూడు మిరియాలను దంచి వేసి మరిగించి, దించాక కొద్దిగా బెల్లం కలిపి రాత్రి తాగవచ్చు. మిరియం పసుపులోని సారాన్ని ఒంటికి పట్టేలా చేస్తుంది. అయితే ఈ క్రింది విషయాలు మరువకండి.

దగ్గు రెండు వారాలు దాటితే కషాయం మార్చడం కాదు, కఫ పరీక్ష చేయించడం ముఖ్యం. కఫంలో రక్తం, ఆయాసం కనిపిస్తే రెండు వారాలు కూడా ఆగరాదు.

దుమ్ములో పనిచేసేవారు, బీడీలు చుట్టేవారు దగ్గును పనితో వచ్చినదిగా సరిపెట్టుకోరాదు.

క్షయ మందులు వాడేవారు కూరలో పసుపు మానవలసిన పనిలేదు. కానీ ఆ మందుల ప్రభావం కాలేయంపై ఉంటుంది గనుక పసుపు మాత్రలు, మూలికా చూర్ణాలు వైద్యుని అడగనిదే వాడరాదు. ఒంట్లో బాగుందని నడుమ మందు మానితే రోగం మొండికేస్తుంది.

క్షయ రోగులకు పోషకాహారం కోసం కేంద్ర ప్రభుత్వం 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలు చేసింది. పప్పు, గుడ్లు, పాలు, పల్లీలు, నువ్వులు ఈ రోగులకు మేలు చేస్తాయి.

నేటికీ ఎవరైనా దగ్గుకు చిట్కా అడిగితే చెబుతాను. కానీ ముందుగా "ఎన్నాళ్ళయింది?" అని అడుగుతాను. ఈ పండుగకు మీ చిన్ననాటి స్నేహితురాలిని ఇంటికి పిలవండి. పిండివంటలు చేస్తూ ఆమె ముఖాన్ని, చేతిని ఒకమారు తేరిపార చూడండి. మిమ్మల్నీ చూడమనండి. నిత్యం చూసే కళ్ళకు ఆననిది, ఏడాదికొకమారు చూసే కళ్ళకు ఆనుతుంది.