గేర్‌బాక్స్‌కి పెట్టె కట్టడం ఎలా?

పోయిన వేసవిలో మా నాయన జీపు గేర్‌బాక్స్‌ని రిపేరుకి అనంతపురం నుంచి బెంగళూరు పంపాం. దారి 200 కిలోమీటర్ల పైనే. బుడ్డల గోనెసంచిలో చుట్టి లారీకి వేసేశాం. అరిగిన బేరింగులు మార్చమని పంపితే, దారిలో కేసింగ్ చెవి విరిగింది. ఖర్చు రెట్టింపు! మెకానికల్ చదివే నేను పక్కనే ఉండి చూశాను.

పోత లోహం బరువుకి ఓర్చుకుంటుంది గానీ దెబ్బకి పగులుతుంది. అందుకే తిరుగు ప్రయాణానికి పద్ధతిగా పెట్టె కట్టించాను. మీకూ పనికొస్తుంది, వినండి.

ముందు ఆయిల్ పూర్తిగా దించేయాలి. లేకపోతే కారి, పక్కవాళ్ళ సరుకు పాడవుతుంది. రంధ్రాలన్నీ కవర్లు, టేపుతో మూయాలి. మన ఎర్రదుమ్ము లోపలికి పోయి ఆయిల్‌తో కలిస్తే కొత్త బేరింగుల్ని గరుకు కాగితంలా అరగదీస్తుంది. బరువంతా కేసింగ్ మీద ఆనాలి, పొడుచుకొచ్చిన షాఫ్టు మీద కాదు. మందపాటి చెక్కకి బోల్టులతో బిగించి, చుట్టూ పెట్టె కట్టాలి. అడుగున రెండు పట్టీలు కొడితే చేతులు దూరుతాయి. పట్టు దొరక్కపోతే హమాలీలైనా దొర్లించక ఏం చేస్తారు? పెట్టె మీద బరువు, పైవైపు బాణం గుర్తు, ‘ఆయిల్ లేదు’ అని రాయాలి. బిగించేటప్పుడు ఆ మాటే గుర్తుచేస్తుంది.

పెట్టె క్షేమంగా దిగింది. మా నాయన చుట్టూ తిరిగి చూసి, “ఇప్పుడు కనపడిందిరా నీ సదువు” అన్నాడు.