నొప్పి పోయింది... మరి పన్ను?

‘రూట్‌ కెనాల్‌ అయిపోయింది, నొప్పి తగ్గింది. ఇంకా క్యాప్‌ ఎందుకు, డబ్బులు దండగ!’... చాలా ఇళ్లలో పంటి వైద్యం ఇక్కడితో ఆగిపోతుంది. ఆర్నెల్లో ఏడాదో గడుస్తుంది. ఓ ఆదివారం మటన్‌ కూరలో ఎముక పంటికింద పడుతుంది. లేదా పండక్కి చేసిన చెక్కల్ని ఇష్టంగా కొరుకుతారు. టక్‌మని చప్పుడు. పన్నే రెండు చెక్కలైపోతుంది. చీలిక చిగురు దాటి వేరులోకి దిగిందంటే సాధారణంగా పీకించుకోవాల్సిందే.

అలా ఎందుకు విరుగుతుందంటే... పుచ్చు అప్పటికే పన్నును చాలావరకు తినేసి ఉంటుంది. రూట్‌ కెనాల్‌లో పైనుంచి రంధ్రం చేసి లోపలి నరాన్ని తీసేస్తారు. ఇక మిగిలేవి పల్చటి గోడలే. నమిలేటప్పుడు ఎక్కువ బరువు మోసేదేమో దవడ పళ్లు. ఆ గోడలు విచ్చుకుపోకుండా చుట్టూ పట్టి ఉంచేదే క్యాప్‌. ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా వేసినట్టన్నమాట. ముందు పళ్ల సంగతి వేరు. పెద్దగా పాడవకపోతే వాటికి ఫిల్లింగ్‌తో సరిపెట్టొచ్చు.

క్యాప్‌ కోసం పన్నును చుట్టూ ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా అరగదీస్తారు. అచ్చు తీసి ల్యాబ్‌కి పంపుతారు. అసలుది వచ్చేదాకా తాత్కాలిక క్యాప్‌ పెడతారు. అది ఉన్నన్నాళ్లూ నువ్వుల జీడీ జోలికి వెళ్లకూడదు, ఊడి చేతికొచ్చేస్తుంది. చివర్లో రంగు కాగితం కొరికించి ఎత్తు సరిచూసి, సిమెంటుతో అతికిస్తారు. ఎత్తుగా అనిపిస్తే మొహమాటపడకుండా అక్కడే చెప్పాలి.

పూర్తి లోహం, లోహం మీద పింగాణీ, జిర్కోనియా... ఇలా క్యాపుల్లో రకాలున్నాయి. పింగాణీ క్యాపులకు 19వ శతాబ్దం చివర్లో బాట వేసిన అమెరికా దంతవైద్యుడు ఛార్లెస్‌ హెన్రీ ల్యాండ్‌. 1927లో న్యూయార్క్‌ నుంచి ప్యారిస్‌కు ఒంటరిగా విమానం నడిపిన లిండ్‌బర్గ్‌కు స్వయానా తాతగారు, అమ్మకు నాన్న!

ఇక పన్ను పోయాక. ‘వెనకెక్కడో ఉంది, ఎవరికి కనిపిస్తుందిలే’ అని వదిలేస్తాం. పక్క పళ్లు ఊరుకోవు, మెల్లగా ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. ఎదురుగా ఉన్న పన్నూ ఆసరా లేక అటువైపు పెరిగి వస్తుంది. సందుల్లో అన్నం ఇరుక్కుని మంచి పళ్లూ పుచ్చిపోతాయి. ఎక్కువగా ఇలా పోయేది మొదటి దవడ పన్ను. ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనకాల వస్తుంది. అదీ పాలపన్నే, ఊడిపోయేదే అనుకుంటారు అమ్మానాన్నలు. దాని స్థానంలో మళ్లీ మరొకటి రాదు.

ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీసి క్యాపులు తొడిగి, వాటికి మధ్యలో కృత్రిమ దంతాన్ని కలిపితే అది బ్రిడ్జి. చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక పన్ను కోసం రెండు పళ్లను చెక్కాలి. అరిగిన ఎనామిల్‌ మళ్లీ పెరగదు. ఆ రెండూ ఎలాగూ పుచ్చి, క్యాపులు అవసరమైనవైతే బ్రిడ్జి చక్కని మార్గం. నిక్షేపంలా ఉన్నవైతే మాత్రం ‘ఇంప్లాంట్‌ కుదురుతుందా?’ అని డాక్టర్ని అడగాల్సిందే. స్వీడన్‌లో బ్రానెమార్క్‌ 1965లో తొలిసారి ఓ రోగికి దవడ ఎముకలో టైటానియం ఇంప్లాంట్లు అమర్చారు. దీనికి పక్క పళ్లతో పనిలేదు. కాకపోతే తగినంత ఎముక ఉండాలి, మధుమేహం అదుపులో ఉండాలి, సాధారణంగా కొన్ని నెలలు ఆగాలి. ఖర్చూ ఎక్కువే. నవ్వు అందం కోసమని మంచి పళ్లన్నీ చెక్కించి క్యాపులు వేయించుకోవడం మాత్రం కోరి తెచ్చుకునే కష్టం.

క్యాప్‌ పుచ్చదు. దాని అంచున, చిగురు దగ్గర ఉన్న సొంత పన్ను పుచ్చుతుంది. కాబట్టి అక్కడ బ్రష్‌ బాగా ఆడాలి. బ్రిడ్జి కిందికి మామూలు బ్రష్‌ వెళ్లదు, సన్నటి బ్రష్షో ప్రత్యేకమైన దారమో వాడాలి. క్యాప్‌ ఊడొస్తే ఇంట్లో ఉన్న జిగురుతో అతికించుకోవద్దు. చిన్న డబ్బాలో వేసుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్తే చాలాసార్లు దాన్నే మళ్లీ అమర్చేస్తారు.