ఒక్క పనికే పుట్టిన ప్రాసెసర్లు ఎందుకు నిలువలేదు?

గుంతపొంగనాలు వేయడానికి గుంతల పెనాన్ని మించినది లేదు. అయినా మన వంటిళ్ళలో ప్రతిదినమూ పొయ్యి ఎక్కేది దోసెలు, రొట్టెలు, అట్లు అన్నీ కాలే మామూలు పెనమే. కంప్యూటరు ప్రాసెసర్ల చరిత్రలోనూ మనకు ఇదే కనిపిస్తుంది.

1970వ దశకంలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో 'లిస్ప్' అనే ప్రోగ్రామింగు భాష కోసమే ప్రత్యేకంగా కంప్యూటరును నిర్మించారు. ఆ భాషలో ఒక విలువ సంఖ్యయా, జాబితాయా అన్నది ప్రోగ్రాము నడుస్తుండగానే పరీక్షించవలసి వస్తుంది. సాధారణ ప్రాసెసరుకు ఇది అదనపు శ్రమ. ఆ కృషి ఫలితంగా 1980లో ఏర్పడిన సింబాలిక్స్ సంస్థ '3600' యంత్రంలో ప్రతి విలువకూ దాని రకాన్ని తెలిపే గుర్తును జోడించి, కూడిక జరుగుతుండగానే హార్డ్‌వేరే ఆ పరీక్షను పూర్తిచేసేటట్లు అమర్చింది.

ఆలోచన ఉత్తమమైనదే. అయితే ప్రాసెసరు రూపకల్పనకయ్యే భారీ వ్యయాన్ని అమ్ముడయ్యే చిప్పులన్నీ కలిసి మోయాలి. లిస్ప్ యంత్రాలు కొనేవారు కొద్దిమందే. మోటరోలా 68000 వంటి సాధారణ ప్రాసెసర్లు అనేక రకాల కంప్యూటర్లలో విరివిగా వాడబడి, ఆ రాబడితో తరంతరానికీ వేగాన్ని పెంచుకున్నాయి. కంపైలర్లు కూడా మెరుగుపడి, విలువ రకం ముందే తెలిసినచోట పరీక్షను తొలగించసాగాయి. క్రమంగా లిస్ప్ మామూలు వర్క్‌స్టేషన్లపైనే తగినంత వేగంగా నడిచింది. 1987 ప్రాంతంలో లిస్ప్ యంత్రాల విపణి కూలిపోయింది. 1993లో సింబాలిక్స్ దివాలా పిటిషను దాఖలు చేసింది.

మరి ప్రత్యేకత ఎల్లప్పుడూ దోషమేనా? కాదు. గ్రాఫిక్స్ ప్రాసెసర్లూ ప్రత్యేకమైనవే. కానీ వీడియో ఆటలు వాటికి విస్తారమైన విపణిని సమకూర్చాయి. అంతేగాక, 2007లో ఎన్విడియా విడుదల చేసిన 'కుడా' వంటి సాధనాలతో అవి శాస్త్రీయ గణనలకు, ఆపై కృత్రిమ మేధకు కూడా ఉపయోగపడ్డాయి. ఒక పనికి పుట్టినా పలు పనులు నేర్చినందువలననే అవి నిలిచాయి.

పరిశ్రమలో ఒక నియంత్రణ వ్యవస్థను మనం ఏళ్ళ తరబడి వాడుకుంటాము. కనుక టెండరు పరిశీలించేటప్పుడు వేగంతోపాటు మరి రెండు ప్రశ్నలు వేసుకోవాలి. తయారీదారు తప్పుకుంటే విడిభాగాలు మరొకచోట దొరుకుతాయా? మన ప్రోగ్రాములు వేరొక యంత్రంపై నడుస్తాయా? పాతబడిన యంత్రాన్ని డబ్బు పెట్టి మార్చుకోగలం. దానితోపాటే నిరుపయోగమయ్యే మన సిబ్బంది శ్రమను మాత్రం కొనితెచ్చుకోలేము.