తినలేని బిడ్డకు తోడుగా

గోదావరిఖని కాలనీల్లో ఇంటిల్లిపాదీ కలిసి అన్నానికి కూర్చునేది తక్కువ. తండ్రి ఫస్ట్ షిఫ్టుకు చీకటితోనే వెళ్తాడు, నైట్ షిఫ్టయితే పగలు నిద్రపోతాడు. అలాంటి ఇంట్లో బిడ్డ తిండి మానేసినా, తిన్నది చాటుగా కక్కేస్తున్నా చాలాకాలం ఎవరికీ తెలియదు. అడిగితే ఉపవాసమంటుంది. మనం భక్తి అని మెచ్చుకుంటాం కూడా!

డాక్టర్లు అనొరెక్సియా, బులీమియా అనే ఈ జబ్బులు మొండితనం కాదు, దయ్యం అంతకన్నా కాదు. మగపిల్లలకూ వస్తాయి. బరువు గురించిన భయం మనసును పట్టేస్తుంది, గుండె సైతం దెబ్బతింటుంది. చాలా రోజులు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టడమూ ప్రమాదమే, రక్తంలో లవణాలు తారుమారవుతాయి. అందుకే ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

యాయీరు కుమార్తెకు 12 ఏళ్లు. ఆమెను లేపాక ప్రభువు రెండు మాటలు చెప్పాడు: ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వొద్దని, ఆమెకు తినడానికి పెట్టమని. మనమేమో పేరుతో సహా మైకులో ప్రార్థన మనవి చదివేస్తాం.

కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. మధ్యలో మళ్లీ జారిపోవడమూ ఉంటుంది. శ్రమల దినాల్లో ఆ బిడ్డను ఉపవాసం ఉండొద్దని కాపరే ముందుగా చెప్పాలి. ప్రేమవిందులో పక్కన కూర్చుందాం, పళ్లెంలోకి చూడకుండా, చిక్కావనో ఒళ్లు చేశావనో అనకుండా, చదువు సంగతులు అడుగుతూ.