జూపార్కుకు వెళ్లే ముందు పిల్లలకు చెప్పవలసిన మాట

సెలవులు రాగానే గోలేటి సింగరేణి క్వార్టర్లలోని పిల్లలు కోరే కోరికల్లో హైదరాబాద్ జూపార్కు ఒకటి. కాగజ్‌నగర్ వైపు నుంచి వచ్చే రైలును ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్‌లోనో, బెల్లంపల్లిలోనో అందుకుంటే ఐదారు గంటల్లో సికింద్రాబాద్ చేరవచ్చు. చార్మినార్, మక్కా మసీదు, సాలార్‌జంగ్ మ్యూజియంలతో పాటు జూపార్కునూ చూసి రావాలని ఎన్నో కుటుంబాలు బయలుదేరుతుంటాయి. ఇల్లు కదిలే ముందే పిల్లలతో ఒక విషయం మాట్లాడుకోవడం మంచిది. మనం చూడబోయే ఆ ప్రాణులు ఎవరు? వాటి పట్ల మన బాధ్యత ఏమిటి?

నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963 అక్టోబరు 6న ప్రజల కోసం తెరుచుకుంది. అంతకు ముందు నగరంలోని జంతువులు బాగె ఆమ్‌లో, అంటే నేటి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండేవి. సుమారు 380 ఎకరాల ఈ ఉద్యానం మీర్ ఆలం చెరువును ఆనుకొని ఉంది. పంతొమ్మిదో శతాబ్ది ఆరంభంలో నిజాం రాజ్య ప్రధానమంత్రి మీర్ ఆలం పేరిట వెలసిన ఆ చెరువుకు అర్ధచంద్రాకారపు కమానులను వరుసగా పేర్చి కట్టిన ఆనకట్ట ప్రసిద్ధమైనది. బాగె ఆమ్ నుంచి 1963లో ఇక్కడికి వచ్చిన చాణక్య అనే మహా తాబేలు ఆరు దశాబ్దాల పాటు సందర్శకులను అలరించి, దాదాపు 125 ఏళ్ల వయస్సులో 2024లో మరణించింది. తాతలు చూసిన ప్రాణినే మనుమలూ చూశారన్న మాట.

ఇక్కడ ఆలోచనాపరులైన పిల్లలు ఒక ప్రశ్న వేస్తారు. అడవిలో తిరగవలసిన జంతువును బంధించడం న్యాయమా? ఇది కసరి ఊరుకోబెట్టవలసిన ప్రశ్న కాదు. భూమిపై నడిచే జంతువులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మనవంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్‌లోని అన్ఆమ్ సూరా బోధిస్తోంది. ఒక పిల్లిని బంధించి, తిండి పెట్టక, బయట తిని బతకడానికి వదలక చంపిన స్త్రీ శిక్షకు గురైందని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. మరోవైపు హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ పెంచుకున్న పిట్ట చనిపోయినప్పుడు, ఆ పసివాణ్ణి ఆయన ఆప్యాయంగా పలకరించారే తప్ప పిట్టను పెంచినందుకు మందలించలేదు. వీటి వెలుగులో, ఆహారం, నీరు, సంరక్షణ అందించే షరతుపై ప్రాణిని ఉంచుకోవచ్చునని విద్వాంసులు వివరించారు. అయితే బంధించినవాని మెడపై అది ఒక అమానత్. ఒక అన్సారీ తోటలో కన్నీరు కార్చిన ఒంటెను నిమిరి, దానిని ఆకలితో మాడ్చి అలసిపోయేలా పనిచేయిస్తున్న యజమానిని అల్లాహ్‌కు భయపడమని ప్రవక్త (సఅసం) హితవు పలికిన సంఘటన దీనికి నిదర్శనం.

ఈ అమానత్‌ను నెరవేర్చే పని ఒకటి ఈ జూలోనే జరిగింది. మూషిక జింక మన దేశపు గిట్టల జంతువుల్లో అతి చిన్నది. దాని సంఖ్య తగ్గిపోతుండగా, హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలతో కలిసి 2010 నుంచి దాని సంతతిని వృద్ధి చేశారు. 2017లో కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో విడిచిపెట్టారు. బోను నుంచి అడవికి తిరిగి దారి చూపిన పని ఇది. 2021 మే నెలలో ఇదే జూలోని ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకి, చికిత్సతో కోలుకున్నాయి. మనుషుల సామీప్యం జంతువులకు ప్రమాదం తేగలదని ఆ సంఘటన గుర్తుచేసింది.

కాబట్టి సందర్శకులకూ కర్తవ్యం ఉంది. నిద్రపోతున్న పులిని లేపడానికి రాళ్లు విసరడం, అరవడం, కోతులకు చిప్స్ ప్యాకెట్లు అందించడం పరిహాసం కాదు, హింస. ప్లాస్టిక్ సంచి మింగిన జింక ప్రాణం పోవచ్చు. రాత్రి సంచరించే జంతువుల గదిలో దీపాలు మసకగా ఉంటాయి. అక్కడ ఫోను లైటు వెలిగించరాదు. తండ్రి రాయి పట్టుకుంటే పిల్లవాడు కొండరాయి పట్టుకుంటాడు. తండ్రి మౌనంగా నిలబడితే పిల్లవాడు గమనించడం నేర్చుకుంటాడు.

ఈ పాఠం మన ప్రాంతానికి మరింత అవసరం. మహారాష్ట్రలోని తాడోబా అడవుల నుంచి కవ్వాల్ అభయారణ్యం వైపు పులులు నడిచే దారి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా గుండానే సాగుతుంది. 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేనులో పనిచేస్తున్న ఒక యువతి పులి దాడిలో ప్రాణాలు కోల్పోయింది. అంతకు ముందు జనవరిలో అదే మండలంలోని దరిగాం అడవిలో రెండు పులులు చనిపోగా, విషప్రయోగం కేసులో అరెస్టులు జరిగాయి. ప్రాణభయం నిజమైనది, తన ప్రాణాన్ని కాపాడుకోవడం ధర్మసమ్మతం కూడా. కానీ కళేబరంలో కలిపిన విషం ఏ ప్రాణినీ వేరుచేసి చూడదు. పులి పశువును చంపితే అటవీ శాఖకు తెలియజేసి పరిహారం కోరవచ్చు. గుంపుగా పనులకు వెళ్లడం, చీకటి పడకముందే తిరిగి రావడం మన చేతిలోని జాగ్రత్తలు.

వెళ్లేవారికి రెండు సూచనలు. జూకు సోమవారం సెలవు. ఆ రోజు మినహా ఏర్పాటు చేసుకోండి. గోలేటి నుంచి ఈ దూరం ప్రయాణంగానే లెక్కకు వస్తుంది గనుక జుహర్, అసర్, ఇషా ఫర్జ్‌లను రెండేసి రకాతులుగా చేసుకోవచ్చు. స్థానిక ఇమాము వెనుక నిలిస్తే మాత్రం పూర్తిగా చేయాలి.

తిరుగు రైలులో పిల్లలను ఏ జంతువు నచ్చిందని మాత్రమే అడగకండి. ఏ జంతువుకు ఏమి కావాలో అనిపించిందని కూడా అడగండి. నీడ కావాలని, నీళ్లు కావాలని, కాస్త నిశ్శబ్దం కావాలని వారు చెప్పగలిగితే, ఇన్షా అల్లాహ్, టికెట్టుకు పెట్టిన పైసలు వృథా కానట్టే.