మూత కింద మూడు పొరలు

"సెప్టిక్ ట్యాంకులో నెలనెలా బ్యాక్టీరియా పొడి వేస్తే ఇక ఎప్పటికీ తీయించక్కర్లేదట, నిజమేనా?" నెల్లిమర్ల నుంచి ఒక పాఠకురాలి ప్రశ్న ఇది. నిజం కాదు.

వాడకంలో ఉన్న ట్యాంకు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఇంట్లోంచి ఎంత నీరు వస్తే అవతలి గొట్టంలోంచి అంత ఇంకుడు గుంతలోకి పోతుంది. కుడితి కుండలోలాగే బరువైనది అడుగున మడ్డిగా దిగుతుంది, జిడ్డు పైన తెట్టు కడుతుంది, నడుమ నీరు తేరుతుంది. బయటికి పోయే చోట బిగించిన 'T' ఆకారపు గొట్టం కింది కొస ఆ నడిమి పొరలో మునిగి ఉండబట్టే తెట్టు, మడ్డి గడప దాటవు.

అసలు అద్భుతం మడ్డిలో ఉంది. గాలి సోకని ఆ చీకట్లో ఒక జట్టు సూక్ష్మజీవులు కొవ్వులను, మాంసకృత్తులను చిన్న ముక్కలు చేస్తాయి. మరో జట్టు వాటిని ఆమ్లాలుగా మారుస్తుంది. చివరి వంతు ఆర్కియా అనే జీవులది. ఎసిటిక్ ఆమ్లాన్ని, హైడ్రోజన్‌ను అవి మీథేన్‌గా మార్చేస్తాయి. నిన్నటి ఘనపదార్థం గాలిగొట్టంలోంచి వాయువుగా వెళ్లిపోతుంది! ఈ ఆర్కియా నెమ్మదిగా పెరుగుతాయి, ఆక్సిజన్ వీటికి విషం.

ఈ వింత చూసి పెద్దలే పొరబడ్డారు. ఫ్రాన్స్‌లోని వెసూల్‌లో 1860 ప్రాంతంలో ట్యాంకు కట్టిన జాన్ లూయీ మూరాకు, ఏళ్ల తర్వాత తెరిచి చూస్తే గట్టి పదార్థం దాదాపు కనిపించలేదు. 1881లో ఆయన ఆ ట్యాంకుకు పేటెంటు పొందారు. మలమంతా కరిగిపోతుందన్న నమ్మకం అలా పాకింది. 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో డొనాల్డ్ కామరన్ ఇలాంటి ట్యాంకుకు 'సెప్టిక్' పేరు పెట్టాక ఆ నమ్మకం మరింత బలపడింది. కానీ ఇసుక, వెంట్రుకలు, అరగని పీచు ఎక్కడికీ పోవు. మడ్డి ఏటేటా పెరుగుతుంది, తేరే చోటు తగ్గుతుంది, చివరికి మడ్డే గొట్టంలో పడి ఇంకుడు గుంతను పూడ్చేస్తుంది.

పొడి ఎందుకు పనికిరాదో ఇప్పుడు చెప్పడం తేలికే. కావలసిన సూక్ష్మజీవులు మలంతోపాటే రోజూ కోట్లలో దిగుతుంటాయి. పొడి ఇసుకను కరిగించలేదు. రెండు మూడేళ్లకోసారి తీయించాలి. తీసేటప్పుడు కొంచెం మడ్డి విత్తుగా వదలాలి. యాసిడ్, ఫినాయిల్ సీసాలకు సీసాలు గుమ్మరించకూడదు, శానిటరీ ప్యాడ్లు వేయకూడదు. మనిషిని మాత్రం ఎన్నడూ లోపలికి దించకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ క్షణాల్లో ప్రాణం తీస్తుంది, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా అలా దించడం నేరం కూడా.

తేరిన నీరు చూపుకు తేటగా ఉన్నా రోగక్రిములు అందులోనే ఉంటాయి. దాన్ని వీధి కాలువలోకి వదిలితే, విజయనగరానికి తాగునీరిచ్చే చంపావతి నది ఒడ్డున ఉన్న నెల్లిమర్లలాంటి ఊరికి అది చిన్న తప్పు కాదు. ట్యాంకరు తోడిన మడ్డి ఎక్కడ పారబోస్తున్నారన్నదీ అడగాలి. వరంగల్ 2016లోనే ఇందుకు నిబంధనలు తెచ్చింది. ఇన్ని తెలిసీ ఇల్లు కట్టేవాళ్లు ట్యాంకు మూతల మీద టైల్స్ పరిచేస్తున్నారు. తీయించే రోజున పగలగొట్టాల్సింది ఆ టైల్సునే.